మెట్లకు పది నిమిషాలు

రెండో సంవత్సరం మొదటి టర్ములో చిట్టి అయిదు సబ్జెక్టులకు మూడు తప్పింది. గట్టెక్కిన రెండింటిలో ఒకటి కంప్యూటరు ప్రాక్టికలు. దాంట్లో తప్పినవాళ్లు ఆ యూనివర్సిటీలో ఇంతవరకూ లేరు.

గణాంకశాస్త్ర విభాగం నోటీసు బోర్డు మీద దీని గురించి ఒక కాగితం అంటించి ఉంది. మూడు తప్పినవాళ్లు ఆ మూడింటినీ వచ్చే టర్ములో మళ్లీ చదవాలి. ప్రతి సోమవారం ఉదయం తొమ్మిదింటికి సలహాదారు ప్రొఫెసర్ని కలవాలి. ఆ వారం ఎప్పుడెప్పుడు ఏం చదువుతారో టైంటేబుల్ రాసి, ఇంట్లో పెద్దవాళ్లతో సంతకం పెట్టించి తీసుకురావాలి. మళ్లీ మూడూ తప్పితే ఒక ఏడాది ఇంటి దగ్గర కూర్చోవాలి.

చిట్టి చదువుకోసం పిన్ని ఇంట్లో ఉంటోంది కాబట్టి పెద్దవాళ్లంటే పిన్నీ, బాబాయీ. పిన్ని ఊళ్లోని బస్సు డిపోలో డ్యూటీ చార్టులు రాసే క్లర్కు. అరవై నాలుగు బస్సుల్లో ఏది ఎప్పుడు బయల్దేరాలో, ఎవరు నడపాలో, ఎక్కడ ఎంతసేపు ఆగాలో పంతొమ్మిదేళ్లుగా ఆవిడే రాస్తోంది. బాబాయి అదే డిపోలో డ్రైవరు. తొమ్మిదో నంబరు రూటు. పెళ్లయిన నాటి నుంచీ తన డ్యూటీ మార్చమని ఆయన ఇంట్లో అడుగుతూనే ఉన్నాడు. అర్జీ ఆఫీసులో పెట్టుకోమని ఆవిడ చెబుతూనే ఉంది.

మొదటి టైంటేబుల్‌కి చిట్టికి ఒక ఆదివారమంతా పట్టింది. డ్రాయింగు షీటు, స్కేలు, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు. పొద్దున్న నాలుగున్నరకి లేవడం. అయిదు నుంచి ఏడున్నర దాకా సంభావ్యత, అంటే ప్రాబబిలిటీ, ఎర్రరంగు. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా బీజగణితం, నీలం. ఇలా గళ్లు నింపుకుంటూ పోతే వారానికి డెబ్బై ఒక్క గంటల చదువు తేలింది. ఆఖరి గీత గీసేసరికి సగం సిలబస్ అయిపోయినంత తృప్తిగా అనిపించింది.

పిన్ని కళ్లద్దాలు పెట్టుకుని షీటుని పైనుంచి కిందకి చదివింది.

"ఇది ఎవరికి?"

"నాకే పిన్నీ."

"స్నానం ఎక్కడుంది?"

"అది మధ్యలో చేసేస్తాలే."

పిన్ని మళ్లీ షీటులోకి చూసింది. "మధ్య ఎక్కడుంది?"

చిట్టి వెతికింది. దొరకలేదు.

"నేను సంతకం పెట్టను. కదలని బండికి టైము రాసే అలవాటు నాకు లేదు," అని పిన్ని షీటు చుట్టి ఇచ్చేసింది.

బాబాయి పెట్టాడు. ఏ కాగితమైనా చదవకుండా సంతకం పెట్టడమే ఆయన పద్ధతి. చదివి పెట్టాల్సి వస్తే ఆ డిపోలో ఒక్క చార్టు మీదైనా పెట్టగలనా అని ఆయన అనుమానం.

సోమవారం నాలుగున్నరకి అలారం మోగింది. చిట్టి దాన్ని నొక్కేసి ఆరూ పదికి లేచింది. అప్పటికే ఎర్రగడిలో సగం పోయింది కాబట్టి, సగం నుంచి మొదలుపెట్టడం బాగుండదని మంగళవారానికి వాయిదా వేసింది. మంగళవారం కూడా అలాంటిదే జరిగింది. బుధవారానికి వారం ఎలాగూ పాడైపోయిందని, చెడిన వారాన్ని బాగుచెయ్యడం కన్నా వచ్చే సోమవారం శుభ్రంగా మొదలుపెట్టడం మేలని నిశ్చయించుకుంది.

ఆ సోమవారం ప్రొఫెసరు రిజిస్టరు తెరిచాడు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. మాటల్లో హెచ్చుతగ్గులుండవు. నూట నలభై మందికి పాఠం చెప్పినా, ఒక్కళ్లతో మాట్లాడినా ఒకే గొంతు.

"ఎన్ని గంటలమ్మా?"

"డెబ్బై ఒకటి సార్."

ఆయన రాసుకున్నాడు. "అంతా అనుకున్నట్టే జరిగిందా?"

"జరిగింది సార్."

"మంచిది."

రెండో వారం చిట్టి డెబ్బై నాలుగు చెప్పింది. అభివృద్ధి కనపడాలి కదా అని. ఆయన అదీ రాసుకున్నాడు. మూడో వారం సంభావ్యతలో యాభై మార్కులకి పరీక్ష పెట్టారు. చిట్టికి తొమ్మిది వచ్చాయి.

ఆ సోమవారం ప్రొఫెసరు జవాబు పత్రం ఒక పక్కనా, రిజిస్టరు ఒక పక్కనా పెట్టుకున్నాడు.

"పరీక్షకి ముందు రెండు వారాల్లో నూట నలభై అయిదు గంటలు చదివావు. తొమ్మిది మార్కులు. మార్కుకి ఎంతైంది?"

చిట్టి మనసులో భాగించింది. "పదహారు గంటల పైచిల్లర సార్."

"పాసవ్వడానికి ఇరవై కావాలి. ఇదే లెక్కన నువ్వు వారానికి నూట అరవై ఒక్క గంటలు చదవాలి. వారానికి ఉన్నవి నూట అరవై ఎనిమిది. నిద్రకీ, తిండికీ కలిపి ఏడు మిగులుతాయి." ఆయన జవాబు పత్రం ఆమెవైపు జరిపాడు. "లేదా ఈ నూట నలభై అయిదు తప్పయినా అయ్యుండాలి. ఏది సులువో ఆలోచించుకో."

ఆయన ముఖంలో కోపం లేదు. ఉంటే ఏడ్చేదాన్నేమో అని చిట్టికి అనిపించింది. అది కూడా లేక, ఏడవడానికి ఆధారం దొరక్క, కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చింది.

ఆ సాయంత్రం పిన్ని ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే చిట్టి అంతా చెప్పేసింది. డెబ్బై ఒకటీ, డెబ్బై నాలుగూ, తొమ్మిదీ. పిన్ని తిట్టలేదు. కాళ్లు కడుక్కుని, టీ పెట్టి, రెండు కప్పులు బల్ల మీద పెట్టి కూర్చుంది.

"బండి ఎప్పుడు చేరాలో నువ్వు రాశావు. ఎప్పుడు చేరుతోందో ఎప్పుడైనా చూశావా?"

"అర్థం కాలేదు పిన్నీ."

"కొత్త రూటు వేసేటప్పుడు మేం ముందు చార్టు రాయం. వారం రోజులు బండి ఎలా నడుస్తుందో అలా నడవనిచ్చి ట్రిప్పు షీటు రాయిస్తాం. ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో, ఎంతసేపో. ఆ తర్వాతే చార్టు." సంచిలోంచి డిపోవాళ్ల ఖాళీ షీట్ల కట్ట తీసి ఏడు లెక్కపెట్టి ఇచ్చింది. "ఈ వారం నిన్ను చదవమని అనను. ఏం చేస్తే అది రాయి. ఒక్క షరతు. అబద్ధం రాయకు. అబద్ధం షీటు మీద చార్టు వేస్తే నడిరోడ్డు మీద ఆగిపోయేది బండే, షీటు కాదు."

వారం రోజులు చిట్టి రాసింది. మొదట్లో సిగ్గుగా ఉండేది. బుధవారానికి, ఎవరి గురించో రాస్తున్నట్టు అలవాటైపోయింది. ఆదివారం పిన్ని ఎర్ర పెన్సిలుతో కూర్చుని గంటలు కూడింది.

"నిద్ర అరవై ఒకటి. బానే ఉంది. ఫోను ఇరవై మూడు." దాని కింద ఒక గీత పెట్టి ముందుకు పోయింది. "పుస్తకం ముందు కూర్చుని ఉండుట, పద్నాలుగు. పుస్తకం చదువుట, ఆరూ నలభై. ఈ రెంటికీ తేడా ఏంటి?"

"మొదటిదాంట్లో పేజీ తిప్పలేదు."

"ఇంజను ఆన్‌లో పెట్టి స్టాండులో నిలబెట్టడం. మీ బాబాయి కూడా చేస్తాడు." ఎర్ర పెన్సిలు ఇంకో చోట ఆగింది. "టైంటేబుల్‌కి రంగులు వేయుట, అయిదూ ఇరవై. అంటే దాదాపు చదివినంతసేపు రంగులు వేశావు."

చిట్టి తల దించుకుంది.

"ఇదేంటి? మంగళవారం పది నుంచి పన్నెండు, మెట్ల మీద. గురువారం పది నుంచి పన్నెండు, మెట్ల మీద. ఏ మెట్లు?"

"మా డిపార్టుమెంటులో. రెండో అంతస్తుకి వెళ్లే మెట్లు."

"రెండేసి గంటలు అక్కడేం చేశావు?"

"కూర్చున్నా."

పిన్ని పెన్సిలు కింద పెట్టింది. చిట్టి కాసేపు షీటు చివర మడతపెట్టింది, విప్పింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.

పోయిన టర్ము మొదట్లో జ్వరం వచ్చి మూడు వారాలు క్లాసులు పోయాయి. తిరిగి వెళ్లేసరికి సంభావ్యత క్లాసులో బోర్డు మీద ఒక్క ముక్క అర్థం కాలేదు. అదే రోజు సారు బోర్డు దగ్గరికి ఎవరో ఒకరిని పిలవాలి కాబట్టి ఆమెను పిలిచాడు.

"సుద్దముక్క పట్టుకుని నాలుగు నిమిషాలు నిలబడ్డా. నాలుగని గోడ గడియారం చూశా కాబట్టి తెలుసు. ఎవరూ నవ్వలేదు పిన్నీ. నవ్వినా బావుండేది. సారు వెళ్లి కూర్చోమన్నారు. అప్పట్నుంచీ క్లాసు టైముకి వెళ్తా. మెట్ల దాకా వెళ్తా. తలుపు కనపడుతుంది. ఇంక కాళ్లు రావు."

"మరి హాజరు?"

"మైకు పలుకుతుంది."

మైకు అంటే ఆమె స్నేహితురాలు. గుసగుసలాడినా పక్క గదిలోకి వినపడే గొంతు కావడంతో ఆ పేరు పడింది. దొంగ హాజరు పలకడానికి అంతకన్నా పనికిరాని మనిషి ఆ క్లాసులోనే లేదు. అయినా, తనూ సంభావ్యత తప్పి అదే క్లాసులో మళ్లీ కూర్చుంటోంది కాబట్టి, స్నేహం కొద్దీ రెండు టర్ముల నుంచి పలుకుతోంది.

పిన్ని లేచి టీ కప్పులు కడిగి వచ్చింది. చాలా నిదానంగా కడిగింది.

"సరే, చార్టు వేద్దాం," అంది.

ఈసారి రంగులు లేవు. పెన్సిలు, స్కేలు అంతే. వారానికి ఇరవై రెండు గంటల చదువు. గంటన్నర చదివితే ఇరవై నిమిషాలు ఖాళీ. దాన్ని ఖాళీ అనడానికి పిన్ని ఒప్పుకోలేదు, "బండి తిరగడానికి టైము ఇవ్వాలి" అంది. స్నానానికి గడి వచ్చింది. ఫోనుకి కూడా వచ్చింది, రోజుకి గంట. వద్దంటే దొంగతనంగా చూస్తావు, రాస్తే చూసి పెట్టేస్తావు అని పిన్ని వాదన. బుధవారం సాయంత్రం, ఆదివారం మధ్యాహ్నం రెండు పెద్ద గడులు ఉత్తగా వదిలి, వాటిలో 'స్పేరు' అని రాసింది.

"ఇదేంటి?"

"డిపోలో ఎప్పుడూ రెండు బళ్లు ఊరికే ఉంటాయి. ఏదైనా ఆగిపోతే వాటిని పంపుతాం. నీకు పోయిన పాఠాలు ఇందులో చదువు. రోజూ చదివేవాటి నెత్తిన రుద్దకు."

మంగళవారం దగ్గరికి వచ్చేసరికి పిన్ని తొమ్మిదీ యాభై నుంచి పది దాకా ఒక సన్న గడి గీసి, అందులో 'మెట్లు' అని రాసింది. గురువారమూ అలాగే.

"పిన్నీ, అది ఎందుకు?"

"ఎలాగూ ఆగుతావు కదా. ఆగేచోట టైము ఇవ్వకపోతే చార్టు తప్పుతుంది. పది నిమిషాలు ఇచ్చాను. పదింటికి బయల్దేరాలి. అంతే."

కింద సంతకం పెట్టింది. దాని పక్కన అలవాటు కొద్దీ డిపో రబ్బరు ముద్ర కోసం సంచి వెతికి, అది ఆఫీసులో ఉండిపోయిందని గుర్తొచ్చి ఆగిపోయింది.

సోమవారం ప్రొఫెసరు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. ఇరవై రెండు గంటలని రిజిస్టరులో రాసుకున్నాడు. వేలు సన్న గడి దగ్గర ఆగింది.

"మెట్లేమిటి?"

చిట్టి చెప్పింది. సుద్దముక్క సంగతీ, నాలుగు నిమిషాల సంగతీ వదలకుండా.

"సంభావ్యత మంగళ, గురువారాలు పదింటికి. అది నా క్లాసే," అన్నాడాయన.

"తెలుసు సార్."

ఆయన హాజరు పట్టీ తీసి ఆమె పేరు ఎదురుగా ఉన్న వరసంతా చూశాడు. ఒక్క గైర్హాజరు లేదు.

"మరి రోజూ పలికేదెవరు?"

చిట్టి నేల చూసింది.

"చివరి వరసలోంచి వస్తుంది. కిటికీ అద్దాలు కదులుతాయి. ఆరోగ్యమైన పిల్ల అనుకునేవాణ్ణి." పట్టీ మూసేశాడు. "ఆవిడని ఇకమీదట తన ఒక్కదాని హాజరే పలకమని చెప్పు. పది నిమిషాలు సరిపోతాయా?"

"పిన్ని ఇచ్చింది అంతే సార్."

"సరే," అని సంతకం పెట్టాడు. ఆమె తలుపు దాకా వెళ్లాక వెనక నుంచి అదే గొంతుతో, "ఆ రోజు బోర్డు దగ్గరికి పిలిచింది నాకు గుర్తు లేదమ్మా. గుర్తుండాల్సింది," అన్నాడు.

మంగళవారం తొమ్మిదీ యాభైకి చిట్టి మెట్ల మీద కూర్చుంది. పదింటికి లేచింది. లోపలికి వెళ్లి ఆఖరి వరసలో మైకు పక్కన కూర్చుంది. హాజరు పిలిచినప్పుడు ఆమె సొంత గొంతుతో పలికితే ముందు వరసలవాళ్లు ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు, కొత్తగా ఎవరో చేరారని. పాఠం ఒక్క ముక్క అర్థం కాలేదు. బోర్డు మీద ఉన్నదంతా దించుకుని బయటికొచ్చింది. ఆ రోజు ట్రిప్పు షీటులో 'టైముకి బయల్దేరింది, ఖాళీగా వచ్చింది' అని రాసింది. పిన్ని చదివి, "మొదటి ట్రిప్పు అంతే," అంది.

నెల గడిచింది. చార్టు అక్కడక్కడ తప్పుతూనే ఉంది, కాని పాడైన రోజుని చూసి వారమంతా వదిలేయడం మాత్రం ఆగింది. స్పేరులో పాత పాఠాలు ఒక్కొక్కటే చదువుకుంటూ విస్తరణల, అంటే డిస్ట్రిబ్యూషన్ల, దాకా వచ్చి చిట్టి అక్కడ చిక్కుకుపోయింది. సగటు అంటే తెలుసు. సగటు చుట్టూ అంకెలు చెదిరి ఉండడం అంటే ఏమిటో, దాన్ని ఎందుకంత పట్టించుకోవాలో ఎన్నిసార్లు చదివినా తలకెక్కలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె భోజనాల బల్ల దగ్గర ఆ పేజీ ముందే కూర్చుంది. ఎదురుగా పిన్ని కొత్త చార్టుల పని ఇంటికి తెచ్చుకుని, మూడు వారాల ట్రిప్పు షీట్లు పరుచుకుంది. బాబాయి చేతిలో ఒక మెమో పట్టుకుని వాటి చుట్టూ తిరుగుతున్నాడు. ఈ నెలలో అది నాలుగోది. ఆలస్యంగా చేరినందుకు.

"యాభై రెండు నిమిషాల్లో ఆ చివరికి ఎలా చేరతాననుకున్నావు? ఎగురుకుంటూ వెళ్లనా?"

"ఆ రూటు సగటు యాభై రెండండీ. నేను ఊహించి రాయలేదు. మీ షీట్లే కూడి లెక్కేశాను."

"ఆ సగటు ఒకసారి వచ్చి నా సీట్లో కూర్చోమను, చార్టు క్లర్కు గారూ."

చిట్టి పుస్తకం మీద నుంచి తలెత్తింది. షీట్లు తనవైపు లాక్కుంది. తొమ్మిదో నంబరు రూటువి నూట ఇరవై ట్రిప్పులు. నోటుపుస్తకంలో నిమిషాలు వరసగా రాసి, ఒక్కో ట్రిప్పుకి ఒక్కో గీత పెట్టుకుంటూ పోయింది. నలభై ఏడు దగ్గర కొన్ని, యాభై దగ్గర గుంపుగా, యాభై నాలుగు, అయిదు, ఏడు దగ్గర బోలెడు, అరవై చుట్టూ ఇంకొన్ని, అరవై నాలుగు దగ్గర ఒంటరిగా ఒకటి. గంటసేపటికి పేజీ మీద ఒక గుట్ట లేచింది. పుస్తకంలో ఉన్న బొమ్మ లాగే ఉంది, కాస్త కుడివైపుకి వాలి.

"పిన్నీ, సగటు యాభై రెండే, కరెక్టే. కాని నూట ఇరవైలో యాభై ఏడు ట్రిప్పులు యాభై రెండు దాటాయి. సగటు టైము ఇస్తే దాదాపు సగం బళ్లు ఎప్పుడూ ఆలస్యమే. బాబాయి నడిపినా అంతే, ఇంకెవరు నడిపినా అంతే."

బాబాయి నడక ఆపాడు.

"మరెంత ఇవ్వాలి?" అంది పిన్ని.

చిట్టి గీతలు లెక్కపెట్టింది. "యాభై ఎనిమిది ఇస్తే నూట రెండు ట్రిప్పులు టైముకే చేరతాయి. వందకి ఎనభై అయిదు. మిగతావాటికి ఏం ఇచ్చినా చాలదు, అవి ట్రాఫిక్కులో చిక్కుకున్నవి."

పిన్ని నోటుపుస్తకం తీసుకుని మళ్లీ మొదటి నుంచి గీతలు లెక్కపెట్టింది. రెండుసార్లు. పంతొమ్మిదేళ్ల చార్టులు ఆవిడ కళ్ల ముందు తిరిగాయో ఏమో, మూడోసారి కూడా లెక్కపెట్టింది. చివరికి, "రేపు మేనేజరుకి చూపిస్తాను," అని ఆ పేజీ చింపి సంచిలో పెట్టుకుంది.

మేనేజరు మొదట ఒప్పుకోలేదు. ట్రిప్పుకి ఆరు నిమిషాలు పెంచితే రోజుకి బండికో ట్రిప్పు తగ్గుతుందన్నాడు. ఎలాగూ ఆలస్యంతో ఆ ట్రిప్పు పోతూనే ఉందని పిన్ని షీట్లు చూపించింది. నెల రోజులు, ఒక్క రూటులో, చూద్దామన్నాడు. కొత్త చార్టు అంటించిన సాయంత్రం బాబాయి ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని పైకప్పు వైపు చూశాడు.

"ఆరు నిమిషాలు," అన్నాడు. "పంతొమ్మిదేళ్ల కాపురంలో మొదటిసారి."

"మీకు కాదు, రూటుకి," అంది పిన్ని వంటింట్లోంచి.

ఆ వారం క్లాసులో ప్రొఫెసరు విస్తరణల మీద లెక్క ఇచ్చి ఎవరైనా బోర్డు దగ్గరికి వస్తారా అని అడిగాడు. చిట్టిని పిలవలేదు. ఆమె వైపు చూడకుండా ఉండడానికి ఆయన కష్టపడుతున్నట్టు కూడా కనిపించింది. చిట్టి చెయ్యెత్తలేదు. మైకు చెయ్యి పట్టుకుని పైకెత్తబోతే విడిపించుకుంది. కాని లెక్కని తన పుస్తకంలో చేసింది, బోర్డు మీద అది పూర్తయ్యేలోపే. జవాబు సరిపోయింది. బయటికొస్తూ, ఆ రోజు తను మెట్ల మీద అసలు కూర్చోలేదని ఆమెకు గుర్తొచ్చింది.

"మెట్లు తీసేయనా చార్టులోంచి?" అని పిన్ని ఆదివారం అడిగింది.

"ఉండనీ పిన్నీ. అవసరం పడొచ్చు."

టర్ము చివర సంభావ్యతలో అరవై ఒకటి వచ్చాయి. బీజగణితం సరిగ్గా పాసు మార్కుల మీద ఆగింది. మూడోది నాలుగు మార్కుల్లో తప్పింది. ఇంట్లో కూర్చోవాల్సిన పని లేదు, ఆ ఒక్కటీ రెండు నెలల్లో మళ్లీ రాస్తే చాలు. నాలుగు మార్కుల గురించి చిట్టి ఒక సాయంత్రం ఏడ్చింది. పిన్ని ఏడవనిచ్చి, తర్వాత ముఖం కడుక్కోమంది.

డిపోలో నెల రోజుల పరీక్ష ఆరు నెలలకి పెరిగింది. తొమ్మిదో నంబరుకి మెమోలు దాదాపు ఆగిపోయాయి. ఈ వార్త డ్రైవర్ల విశ్రాంతి గదిలో పాకింది. ఎవరు పాకించారన్నది రుజువు కాలేదు గాని, బాబాయి ఆ వారమంతా చాలా వినయంగా ఉన్నాడు. డ్రైవర్లు తమ రూట్లు కూడా చిట్టితో లెక్క వేయించమని అడుగుతుంటే, ఆమె చదువు పాడవకూడదని పిన్ని ఆదివారం నాలుగు నుంచి అయిదు దాకా ఒక గడి కేటాయించింది, అంతకు మించి ఒక్క నిమిషం కుదరదని విశ్రాంతి గదిలో కాగితం కూడా అంటించింది.

మొదటి ఆదివారం సరిగ్గా నాలుగింటికి తలుపు తట్టిన చప్పుడైంది. తెల్లమీసాల డ్రైవరు ఒకాయన లోపలికి వచ్చి, బల్ల దగ్గర కుర్చీ అంచున కూర్చుని, ప్లాస్టిక్ సంచిలోంచి షీట్ల కట్ట తీసి పెట్టాడు.

"నాది పదిహేడో నంబరమ్మా. మార్కెట్టు మీదుగా పోతుంది. ఎంత తొక్కినా చేరట్లేదు."

చిట్టి కట్ట విప్పి, నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పింది.

"కూర్చోండి డ్రైవరుగారూ, సరిగ్గా కూర్చోండి. మార్కెట్టు సెలవు రోజులవి ఇందులో కలిశాయా, విడిగా ఉన్నాయా?"